కొత్త ఇంజను - పాత పైపు

పిల్లలూ! నేను ముప్ఫై ఆరేళ్లు పంతులుగా పనిచేశాను. అందులో చివరి పదేళ్లు హెడ్మాస్టరుగా ఉన్నాను. అంతకాలమూ ఇతరుల తప్పులు దిద్దడమే నా పని. ఈసారి నా తప్పు ఒకటి మీకు చెబుతాను. అది చిన్న తప్పు కాదు. ఒక పసిపిల్ల ప్రాణం మీదికి తెచ్చిన తప్పు. అందులో కొంత సైన్సు కూడా ఉన్నది. కనుక శ్రద్ధగా వినండి.

1997లో అప్పు చేసి నేనొక మారుతి 800 కారు కొన్నాను. ఈ రకం కార్లు మన దేశంలో 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైనాయి. చిన్న కారు, చిన్న ఇంజను. మూడే సిలిండర్లు. మూడూ కలిసి 796 ఘన సెంటీమీటర్లు, అంటే ముప్పాతిక లీటరు కన్న కొంచెం ఎక్కువ. ఆ కారులో మా అమ్మాయి పెళ్లికూతురై వెళ్ళింది. పదో తరగతి పరీక్షలప్పుడు బస్సు తప్పిన పిల్లలను అందులోనే పరీక్ష కేంద్రానికి చేర్చాను. అటువంటి కారును అమ్మడానికి ఎవరికి మనసొప్పుతుంది?

కాని యంత్రానికి మన మనసుతో పని లేదు. నేను రిటైరయిన మరుసటి ఏడు, 2019లో, ఇంజను పూర్తిగా అలసిపోయింది. వెనక నుంచి నీలంగా పొగ వచ్చేది. నీలం పొగ వచ్చిందంటే పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు అరిగి, ఇంజను ఆయిలు కూడా పెట్రోలుతోపాటు కాలిపోతున్నదని అర్థం. చలికాలం ఉదయాన చోకు లాగి, పది నిమిషాలు బతిమాలితే గాని బండి కదిలేది కాదు.

విజయవాడ ఆటోనగర్‌లో నా దగ్గర చదువుకొన్న కుర్రవాడు ఒకడు షెడ్డు నడుపుతున్నాడు. మంచి పనివాడు. అతను ఇంజను చప్పుడు విని తల అడ్డంగా ఊపాడు.

"మాస్టారూ, దీనికి మళ్ళీ బోరు చేయించి డబ్బు పొయ్యడం దండగండి. ఇదే కంపెనీ తరువాత చేసిన ఇంజక్షను ఇంజను ఒకటి, కాగితాలతో సహా నాకు తెలిసినచోట ఉన్నది. అది పెట్టుకొందాం" అన్నాడు.

పిల్లలూ, ఇక్కడ కాసేపు ఆగి, కార్బురేటరు అంటే ఏమిటో, ఇంజక్షను అంటే ఏమిటో తెలుసుకోవాలి. లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు.

పెట్రోలు ఒక్కటే మండదు. దానికి గాలి కలవాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి ఎంత తేలికో మీకు తెలుసు. లెక్క కట్టి చూస్తే, ఒక లీటరు పెట్రోలు కాల్చడానికి దాదాపు 9,000 లీటర్ల గాలి ఇంజనులోకి పోవాలి! ఈ రెంటినీ సరైన పాళ్లలో కలపడమే అసలు విద్య. పెట్రోలు ఎక్కువైతే నల్లపొగ, దుబారా. తక్కువైతే ఇంజను దగ్గుతుంది.

కార్బురేటరు ఈ పని ఎట్లా చేస్తుందో ఇంట్లోనే చూడవచ్చు. గ్లాసు నిండా నీళ్లు పోసి, అందులో పొట్టి స్ట్రా ఒకటి నిలువుగా పట్టుకోండి. దాని మూతి నీటికి కాస్త పైన ఉండాలి. ఇంకొక స్ట్రాను అడ్డంగా పెట్టి, ఆ మూతి మీదుగా గట్టిగా ఊదండి. గ్లాసులోని నీరు నిలువు స్ట్రాలో పైకి ఎక్కి, తుంపరగా చిమ్ముతుంది. వేగంగా పోయే గాలికి పీడనం తగ్గుతుంది. గ్లాసులోని నీటిని నొక్కే బయటి గాలికి ఆ పీడనం తగ్గలేదు గనుక, అది నీటిని పైకి తోస్తుంది.

కార్బురేటరులో ఉన్న కిటుకు ఇదే. అందులో మధ్య సన్నగా ఉండే గొంతు ఒకటి ఉంటుంది. ఇంజను పీల్చే గాలి అక్కడ వేగం పుంజుకొంటుంది. పక్కనున్న చిన్న గిన్నెలోని పెట్రోలు సన్నని రంధ్రం గుండా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. ఆ గిన్నె నిండిపోకుండా ఒక తేలుడు బిళ్ళ కాపలా కాస్తుంది. మన మిద్దెమీది నీళ్లట్యాంకులో బంతి తేలుతూ కొళాయిని మూస్తుందే, అచ్చంగా అట్లాగే. జర్మనీలో విల్హెల్మ్ మైబాక్ అనే ఇంజనీరు 1893లో ఇటువంటి చిమ్మే కార్బురేటరును తయారుచేశాడు. ఆ తరువాత నూరేళ్లపాటు ప్రపంచంలోని కార్లు చాలావరకు దీనిమీదనే నడిచాయి.

అయితే కార్బురేటరుది బామ్మ చేతి కొలత. ఉప్పు చారెడు, కారం చిటికెడు. వంట బాగానే ఉంటుంది గాని, ప్రతిసారీ ఒకే రుచి రాదు. ఇంజక్షనుది కాంపౌండరు కొలత. సీసా మీద గీతలు చూసి మందు పోస్తాడు. ఇంజనుకు ఎంత గాలి అందుతున్నదో, అది ఎంత వేడిగా ఉన్నదో, యాక్సిలరేటరు ఎంత తొక్కారో, పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చిన్న చిన్న పరికరాలు కనిపెడుతూ ఉంటాయి. వాటి కబుర్లన్నీ ఒక కంప్యూటరు పెట్టెకు చేరతాయి. అది లెక్క కట్టి, ఇంజక్టరు అనే సన్నని ముక్కును క్షణంలో వెయ్యోవంతులు లెక్కపెట్టి తెరిచి మూస్తుంది. ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 25 సార్లు పెట్రోలు మండుతుంది. అంత వేగంలోనూ ఈ కొలత తప్పదు.

1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. కారులో పెట్రోలు ఇంజక్షను ఉన్నది. కాని అది మరలతో నడిచేది. 1967లో బాష్ కంపెనీవారి ఎలక్ట్రానిక్ పద్ధతి ఫోక్స్‌వాగన్ కార్లలో వచ్చింది. మన దేశంలో 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు గట్టిపడ్డాక, కొత్త కార్లు ఒకదాని వెంట ఒకటి ఈ పద్ధతికి మారాయి. ఆ కాలపు కార్ల వెనక భాగాన "ఎం.పి.ఎఫ్.ఐ." అనే అక్షరాలు ఇప్పటికీ కనబడతాయి. అవి ఈ ఇంజక్షనుకు గుర్తు.

ఇక మా కారు సంగతికి వద్దాం. మొదట రవాణా ఆఫీసులో అనుమతి తీసుకొన్నాము. ఇంజను నెంబరు కారు రిజిస్ట్రేషను కాగితంలో ఉంటుంది. ఆఫీసువారి అనుమతి లేకుండా ఇంజను మార్చడం చట్టం ఒప్పదు. తరువాత పని మొదలయింది.

ఇంజను మార్చడమంటే పాతది దించి కొత్తది ఎక్కించడమేనని నేను అనుకొన్నాను. కాని షెడ్డులో రోజుకొక కొత్త సంగతి బయటపడేది. పాత ఇంజనుకు పెట్రోలు పంపు ఇంజను పక్కనే ఉండేది. మర తిరుగుతుంటే అది మెల్లగా లాగి ఇచ్చేది. కొత్తదానికి కరెంటు పంపు కావాలి, అది ట్యాంకులోనే మునిగి ఉండాలి. కనుక ట్యాంకు మారింది. కంప్యూటరు పెట్టె కోసం వైరింగు అంతా మారింది. పొగలోని ఆక్సిజన్ చూసే పరికరం కోసం పొగ గొట్టం మారింది. గాలి వడపోసే డబ్బా మారింది. పని పది రోజులు పట్టింది. ఖర్చు పెరిగినకొద్దీ నా ముఖం చిన్నదవుతూ వచ్చింది.

చివరికి మిగిలింది మూడు జానల రబ్బరు పైపు ఒకటి. కారు కింద నుంచి వచ్చే ఇనుప గొట్టానికీ ఇంజనుకూ మధ్య పెట్రోలు మోసే పైపు అది. కుర్రవాడు దాన్ని చేత్తో పట్టుకొని, "మాస్టారూ, ఈ పైపు కూడా..." అన్నాడు.

నేను మాట పూర్తి కానివ్వలేదు. "అది మొన్న సంక్రాంతికి వేయించిందే కదరా! ఎక్కడా పగులు లేదు. ఉన్నదాన్ని పారెయ్యడం దుబారా. అదే బిగించు" అన్నాను.

అతను పైపు వంక చూశాడు. నా వంక చూశాడు. "సరేనండి" అన్నాడు.

బండి అద్భుతంగా నడిచింది. చోకు లేదు, బతిమాలడం లేదు. తాళం తిప్పితే చాలు. నేను ఊరంతా చెప్పుకొన్నాను.

మూడో వారం ఒక ఆదివారంనాడు ఉయ్యూరులో బంధువుల ఇంటికి బయలుదేరాను. వెనక సీటులో మా మనవరాలు. అప్పుడు దానికి ఎనిమిదేళ్లు. కంకిపాడు దాటామో లేదో, "తాతయ్యా, పెట్రోలు వాసన వస్తోంది" అన్నది.

"కొత్త ఇంజను కదమ్మా, అట్లాగే ఉంటుంది" అన్నాను.

కొంతదూరం పోయాక, "తాతయ్యా, ఇందాకటి కన్న ఎక్కువగా వస్తోంది" అన్నది.

"బండి సంగతి నీకు తెలుసా, నాకు తెలుసా?" అన్నాను కాస్త విసుగ్గా.

"నాకు తెలియదు. కాని వాసన వస్తోంది" అన్నది అది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఏమీ లేదని దానికి చూపించి నోరు మూయించాలనే ఉద్దేశంతో బండి పక్కకు ఆపాను. ఇంజను ఆపకుండానే దిగి బానెట్ ఎత్తాను. అది నా రెండో తప్పు.

పైపు చివర, క్లిప్పు పక్కన, వెంట్రుక వంటి పగులు ఒకటి కనబడింది. అందులో నుంచి పెట్రోలు మంచులాగ చిమ్ముతున్నది. వేడెక్కిన పొగ గొట్టం అక్కడికి జానెడు దూరంలో ఉన్నది.

నా కాళ్లు వణికాయి. పరుగున పోయి తాళం తిప్పి ఇంజను ఆపాను. కరెంటు పంపు ఆగడంతో చిమ్మడం తగ్గింది. మనవరాలి చెయ్యి పట్టుకొని దూరంగా లాక్కుపోయాను. ఇరవై గజాల అవతల టీ కొట్టులో పొయ్యి మండుతున్నది. "పొయ్యి ఆర్పండి! ఇటు ఎవరూ రాకండి!" అని కేకలు పెట్టాను. ఆ కొట్టతను మారుమాట లేకుండా పొయ్యి ఆర్పి, అక్కడున్నవారిని దూరం పంపాడు. ఆయనకు ఈనాటికీ నేను రుణపడి ఉన్నాను.

పిల్లలూ, మీరు ఈ మాట గుర్తుపెట్టుకోండి. పెట్రోలు ఆవిరి చలిలో కూడా నిప్పు అంటుకొంటుంది. అది గాలికన్న బరువు కనుక నేలబారుగా పాకి, దూరాన ఉన్న నిప్పును కూడా చేరగలదు. కారులో పెట్రోలు వాసన గట్టిగా వస్తే బండి పక్కకు ఆపించి, ఇంజను ఆర్పించి, అందరూ దిగి దూరంగా పోవాలి. దగ్గర్లో అగ్గిపుల్ల వెలిగించకూడదు. నాలాగ బానెట్ ఎత్తి చూడకూడదు. తెలిసినవారు వచ్చి చూడాలి.

దూరంగా నిలబడి కుర్రవాడికి ఫోను చేశాను. మోటారుసైకిలు మీద గంటలోపల వచ్చాడు. ఇంజను చల్లారేదాకా ఆగి, పగిలిన పైపు ఊడదీశాడు. సంచిలో నుంచి కొత్త పైపు ఒకటి తీశాడు. అది లావుగా ఉన్నది. కోసిన చివర చూస్తే రబ్బరు పొరల మధ్య నూలు అల్లిక కనబడుతున్నది.

"ఇంత త్వరగా ఎక్కడ కొన్నావు?" అని అడిగాను.

అతను తల వంచుకొని చెప్పాడు. "ఇప్పుడు కొన్నది కాదండి. ఇంజను పెట్టిననాడే కొన్నాను. మీరు వద్దన్నారని షెడ్డులో పెట్టాను. పాత పైపు ఈ ఇంజనుకు ఆగదని నాకు తెలుసు మాస్టారూ."

"తెలిసి ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పబోయానండి. పెద్దవాళ్ళు చెబుతుంటే మధ్యలో మాట్లాడకూడదు కదండీ."

అతను ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అన్నాడు. ఆ వాక్యం ఎవరిదో నాకు తెలుసు. తరగతిలో రోజుకు నాలుగుసార్లు నేనే అనేవాణ్ణి.

ఆ రాత్రి ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేశాను. పాత ఇంజను పంపు పెట్రోలును చదరపు సెంటీమీటరుకు పావుకిలో పీడనంతో పంపేది. కొత్తదాని పంపు సుమారు మూడు కిలోల పీడనంతో పంపుతుంది. అంటే పన్నెండు రెట్లు! మీకు తేలికగా అర్థమయ్యేట్టు చెబుతాను. పది మీటర్ల ఎత్తున ఉన్న నీళ్లట్యాంకు నుంచి దిగే నీటికి కింద కొళాయి దగ్గర చదరపు సెంటీమీటరుకు ఒక కిలో పీడనం ఉంటుంది. ఆ లెక్కన పాత పైపు మోసిన పీడనం మన పెంకుటింటి కప్పు ఎత్తున, రెండున్నర మీటర్ల మీద పెట్టిన ట్యాంకుది. కొత్త ఇంజను పెట్టాక అదే పైపు మోయవలసి వచ్చింది ముప్ఫై మీటర్ల ఎత్తున, పది అంతస్తుల మేడమీద పెట్టిన ట్యాంకుది. పాపం, దాని తప్పేమున్నది? అది మంచి పైపే. తన పాత పనికి మంచి పైపు.

పీడనం పాఠం నేను ముప్ఫై ఆరేళ్లు చెప్పాను. నీళ్లట్యాంకు ఉదాహరణ కూడా ప్రతి ఏడూ చెప్పినదే. ఆ పాఠం నావద్ద నేర్చుకొన్న కుర్రవాడు దాన్ని షెడ్డులో వాడుకొన్నాడు. చెప్పిన నేను మాత్రం నాలుగు వందల రూపాయల ముందు మరచిపోయాను. అంతేకాదు. ఆ కుర్రవాడికి నేను రెండు పాఠాలు చెప్పాను. ఒకటి పీడనాన్ని గురించి, రెండవది పెద్దల ముందు మాట్లాడకుండా ఉండడాన్ని గురించి. ఈ రెండూ ఎదురెదురుగా వచ్చిననాడు రెండోది గెలిచింది. చెప్పకపోవడం అతని తప్పే, అతను ఒప్పుకొన్నాడు. కాని పెద్ద పాలు నాది.

నాకు చదువు లేదు, లెక్కలు తెలియవు, బండి సంగతి అంతకన్నా తెలియదు అని మా మనవరాలు ఊరుకోలేదు. తన ముక్కుకు తెలిసినది మూడుసార్లు చెప్పింది. అందువల్లనే ఈ వ్యాసం రాయడానికి నేను మిగిలాను.

పిల్లలూ, పెద్దలను గౌరవించండి. వారి మాట వినండి. కాని ప్రమాదం మీ కంటబడ్డప్పుడు మర్యాదగా, గట్టిగా, వినేదాకా చెప్పండి. అది ఎదురు మాట్లాడడం కాదు. పెద్దలారా, పిల్లవాడు "కాని..." అన్నప్పుడు ఆ మాట పూర్తిచేయనివ్వండి. నేను ఆ ఒక్క మాట పూర్తికానిచ్చి ఉంటే సరిపోయేది.

కిందటి నెల కారును మళ్ళీ షెడ్డుకు తీసుకుపోయాను. పెట్రోలు వడపోసే ఫిల్టరు పాడైందని చెప్పాడు కుర్రవాడు. పాత అలవాటు ఊరికే పోతుందా? "దాన్నే కడిగి బిగిస్తే ఇంకో ఆరునెలలు రాదంటావా?" అన్నాను.

"రాదండి మాస్టారూ. మార్చాల్సిందే" అన్నాడు, నా ముఖంలోకి చూస్తూ.

నా ఉద్యోగకాలంలో ఎన్నో తరగతుల్లో ఎన్నో సరైన జవాబులు విన్నాను. అంత సంతోషం ఏ జవాబుకూ కలగలేదు. కొత్త ఫిల్టరు వేయించుకొని ఇంటికి వచ్చాను.